వెబ్ పుట: సర్వరులో రచన, బ్రౌజరులో మార్పు

2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి హోస్పేట వద్ద తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి, గేటు ప్రవాహంలో కొట్టుకొనిపోయినది. దిగువన కర్నూలు జిల్లాలో నదిని ఆనుకొని ఉన్న మండలాల ప్రజలను అధికారులు అప్రమత్తం చేశారు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి నీరు కర్నూలు నగరాన్ని ముంచెత్తిన రోజును కన్నవారు ఇటువంటి వార్తను తేలికగా తీసుకొనలేరు. ఆ వేళ తీరవాసి అడిగే ప్రశ్న చిన్నది: నీటిమట్టం ఇప్పుడు ఎంత?

సమాధానం మూడు నాలుగు అంకెలకు మించదు. కాని ఆ అంకెలను చేతిలోని ఫోనుకు చేర్చే వెబ్ పుటలు రెండు రకాలు. మొదటి రకం పుట తెరవగానే అంకె కనిపించును. రెండవ రకం పుట తెరిచినప్పుడు ముందు తెల్లని తెర కనిపించి, దాని మధ్య ఒక చక్రం తిరుగుచుండును. సిగ్నలు బలంగా ఉండి, ఫోను కొత్తదైతే ఆ చక్రం క్షణంలో ఆగును. సిగ్నలు సన్నగిల్లి, ఫోను పాతదైతే చక్రం తిరుగుతూనే ఉండును. సమాచారం సర్వరులో ఉన్నది, పాఠకుడు తెర ముందు ఉన్నాడు, మధ్యలో వాక్యం మాత్రం లేదు.

ఈ లోపం విధివశాన కలిగినది కాదు. పుటను ఎక్కడ వ్రాయవలెను, సర్వరులోనా బ్రౌజరులోనా, అన్న నిర్ణయం నుండి పుట్టినది. నేడు వెబ్ కాంపోనెంట్లు అనే సాధనాలతో పుటలు నిర్మిస్తున్నారు. ఆ కాంపోనెంట్లను సర్వరులోనే రూపుదిద్ది పంపుట, పిదప బ్రౌజరులో వాటిని అవసరం మేరకు మార్చుట ఎట్లు అన్నది ఈ వ్యాసంలోని విషయం. కంప్యూటరు శాస్త్రం చదివే విద్యార్థులకు ఇది పాఠం. కళాశాల ప్రకటనలను వెబ్‌లో ఉంచే పెద్దలకు ఇది ఆలోచింపదగిన విషయం.

వండిన అన్నము, పంపిన బియ్యము

టిమ్ బెర్నర్స్-లీ 1989లో జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధనా సంస్థలో వెబ్‌ను ప్రతిపాదించినపుడు ఏర్పాటు సరళంగా ఉండెను. పాఠమును హెచ్.టి.ఎం.ఎల్. అనే గుర్తుల భాషలో వ్రాసి సర్వరులో ఉంచుదురు. బ్రౌజరు అడుగును, సర్వరు పంపును, బ్రౌజరు చూపును. పంపినది పూర్తి పాఠమే కనుక అది అందిన మేరకు చదువుకొనవచ్చును. సగమే అందితే సగమైనా చదువుకొనవచ్చును.

1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్టు భాషను రూపొందించాడు. దానితో బ్రౌజరు కేవలం చూపునది మాత్రమే గాక, పని చేయునది కూడా అయినది. 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అయిదవ రూపంతో, పుటను తిరిగి తెరవకుండానే సర్వరు నుండి కొత్త సమాచారం తెచ్చుకొనే వీలు కలిగినది. 2005లో జెస్సీ జేమ్స్ గారెట్ ఈ పద్ధతికి ఎజాక్స్ అని పేరు పెట్టినాడు. పటాన్ని వ్రేలితో జరిపితే జరుగుట, ఉత్తరాల పెట్టెలో కొత్త ఉత్తరం దానంతట అది వచ్చి చేరుట దీనివల్లనే సాధ్యమైనవి.

తరువాతి సంవత్సరాలలో ఈ సౌకర్యం ఒక అలవాటుగా మారినది. పుట మొత్తాన్ని బ్రౌజరులోనే తయారు చేయు పద్ధతి వ్యాపించినది. సర్వరు పంపునది దాదాపు ఖాళీ పుట. దాని వెంట ఒక పెద్ద స్క్రిప్టు వచ్చును. ఆ స్క్రిప్టు దిగి, నడిచి, మళ్లీ సర్వరును అడిగి, సమాచారం తెచ్చుకొని, అప్పుడు గాని పుటను వ్రాయదు.

ఇంటి పోలిక చెప్పవలెనన్న, మొదటిది వండిన అన్నం పంపుట. రెండవది బియ్యం, పప్పు, వంట విధానం పంపి వండుకొమ్మనుట. గొప్ప వంటశాల ఉన్న ఇంటికి రెండవది ఇబ్బంది కాదు. ఒక్క పొయ్యి, తడిసిన కట్టెలు ఉన్న ఇంటికి మాత్రం అది ఆకలే. ఫోన్లన్నియు ఒకే శక్తి గలవి కావు. స్క్రిప్టు దిగుటకు సిగ్నలు కావలెను, దిగిన పిదప దానిని చదివి నడిపించుటకు ఫోనులోని ప్రాసెసరు బలం కావలెను. ఈ రెండవ ఖర్చును పట్టణంలో కొత్త ఫోనుపై పరీక్షించువారు తరచు మరచిపోవుదురు.

మన రెండు భాషల అనుభవం

పాఠకుని యంత్రంపై ఆధారపడిన పాఠం ఎట్టి ఇబ్బంది తెచ్చునో తెలుగు, ఉర్దూ పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. వెబ్ వచ్చిన తొలి కాలంలో కొన్ని తెలుగు పత్రికలు తమ తమ ప్రత్యేక ఫాంటులతో పుటలు ప్రచురించెను. ఆ ఫాంటు యంత్రంలో ఉన్నవారికి అది తెలుగు, లేనివారికి అర్థం కాని గుర్తుల వరుస. ఉర్దూ పత్రికలు అనేకం నస్తాలీఖ్ లిపి అందం చెడకుండా పుటను చిత్రంగా మార్చి పెట్టెను. చిత్రం కంటికి అందేది, కాని అందులోని పదాన్ని వెదకుటకు గాని, చూపు లేనివారికి యంత్రం చదివి వినిపించుటకు గాని వీలు లేదు.

యూనికోడ్ ప్రమాణం స్థిరపడిన కొలది ఈ రెండు ఇబ్బందులు తగ్గెను. అక్షరం అక్షరంగానే ప్రయాణించుట ఆరంభమయినది. ఆ అనుభవం నుండి తీసుకొనవలసిన పాఠం ఒకటే. చదవవలసిన పాఠం తనంతట తాను నిలబడవలెను. అందమో, కదలికో దానిపై చేరవచ్చును, కాని పాఠం వాటిపై ఆధారపడరాదు. పుటను పూర్తిగా స్క్రిప్టు చేతిలో పెట్టినప్పుడు మనం ఆ పాత ఇబ్బందినే కొత్త రూపంలో తెచ్చుకొంటున్నాము.

వెబ్ కాంపోనెంటు అనగా నేమి?

ఒక ఉదాహరణ తీసుకొందము. జలాశయాల నీటిమట్టాలు చూపే పుట ఒకటి నిర్మింపవలెనని అనుకొందము. తుంగభద్ర పూర్తి నీటిమట్టం 1633 అడుగులు. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ప్రతి జలాశయానికి ఒక పెట్టె: పేరు, పూర్తి మట్టం, ప్రస్తుత మట్టం, కొలిచిన సమయం. పెట్టె రూపం ఒకటే, లోపలి వివరాలు వేరు.

ఇట్టి పెట్టెను మాటిమాటికి వ్రాయకుండా, దానికి ఒక పేరు పెట్టి, హెచ్.టి.ఎం.ఎల్.లో కొత్త టాగుగా వాడుకొనుటయే వెబ్ కాంపోనెంటు. ఈ ఆలోచనను 2011లో అలెక్స్ రసెల్ ఒక సభలో వివరించాడు. దీనిలో ముఖ్యంగా మూడు అంగాలు ఉన్నవి.

మొదటిది సొంత టాగు. దాని పేరు ఇంగ్లీషు చిన్న అక్షరంతో మొదలై, నడుమ ఒక అడ్డగీత ఉండవలెను. మన పెట్టెకు ఇంగ్లీషు లిపిలో 'నీటి-మట్టం' అని పేరు పెట్టవచ్చును. అడ్డగీత నియమం వల్ల భాషలోని సహజమైన టాగులతో ఇది ఎన్నడును కలిసిపోదు.

రెండవది షాడో డామ్. ఇది కాంపోనెంటు లోపల చాటుగా ఉండే నిర్మాణం. లోపలి రంగులు, అంచులు, అక్షరాల పరిమాణాల నియమాలు బయటికి పొక్కవు. బయటి పుటలోని నియమాలు సాధారణంగా లోపలికి చొరబడవు. ఇంటికి ప్రహరీగోడ వంటిది.

మూడవది టెంప్లేటు. ఇది వ్రాసి పెట్టుకొన్న మూస. వాడే వరకు తెరపై కనిపించదు.

ఇవి ఏ ఒక్క కంపెనీ సొత్తు కావు, బ్రౌజర్ల ఉమ్మడి ప్రమాణాలు. క్రోమ్, సఫారీల తరువాత 2018లో ఫైర్‌ఫాక్స్, 2020లో ఎడ్జ్ వీటిని స్వీకరించెను. కనుక నేర్చిన విద్య రెండేళ్లలో పాతబడునను భయం దీనికి తక్కువ.

చిక్కు ఎక్కడ వచ్చినది?

ఇంత మేలైన సాధనంలో ఒక లోపం చాలాకాలం నిలిచి ఉండెను. షాడో డామ్‌ను స్క్రిప్టు మాత్రమే నిర్మించగలిగేది. హెచ్.టి.ఎం.ఎల్. పాఠంలో దానిని వ్రాయుటకు మార్గం లేదు. కనుక సర్వరు 'నీటి-మట్టం' అనే టాగును పంపగలదు గాని, దాని చాటు నిర్మాణాన్ని పంపలేదు. టాగు వచ్చును, స్క్రిప్టు దిగే వరకు దాని లోపల ఏమియు ఉండదు. తిరిగి ఆ తెల్లని తెరయే.

దీనికి పరిష్కారంగా డిక్లరేటివ్ షాడో డామ్ వచ్చినది. ఏర్పాటు చాలా చిన్నది. కాంపోనెంటు టాగు లోపల ఒక టెంప్లేటు టాగు వ్రాసి, దానికి 'షాడోరూట్‌మోడ్' అనే గుణం చేర్చవలెను. బ్రౌజరు పుటను చదువుకొంటూ పోవునపుడు ఆ గుణం కనిపించగానే, టెంప్లేటులో ఉన్నదానిని ఆ కాంపోనెంటుకు షాడో డామ్‌గా అక్కడికక్కడే అమర్చును. ఒక్క వరుస స్క్రిప్టు కూడ నడవనక్కరలేదు. నేటి రూపంలో ఇది క్రోమ్‌లోను సఫారీలోను 2023లో, ఫైర్‌ఫాక్స్‌లో 2024 ఫిబ్రవరిలో చేరినది. ముఖ్యమైన బ్రౌజర్లన్నిటికిని సమానంగా అందిన నాటి నుండి, సర్వరులో కాంపోనెంటును పూర్తిగా వ్రాసి పంపుట సామాన్య విద్యార్థికి కూడ అందుబాటులోకి వచ్చినది.

ఇచట ఒక మాట. షాడో డామ్ తప్పనిసరి కాదు. కాంపోనెంటు టాగు నడుమ సాధారణ పాఠం వ్రాసి పంపినచో, ఆ టాగు అర్థం బ్రౌజరుకు ఇంకను తెలియకపోయినను లోపలి పాఠాన్ని చూపి తీరును. గోడ అవసరం లేనిచోట ఈ పద్ధతియే సులభం. 'శ్రీశైలం, పూర్తి మట్టం 885 అడుగులు' అన్న వాక్యం టాగు నడుమ ఉన్నచో ఎంతటి పాత బ్రౌజరైనను దానిని చూపును.

తడి తగిలిన విత్తనము

సర్వరు పంపిన పుట చదువుకొనుటకు సిద్ధం. కాని అందులో ఇంకను కదలిక లేదు. పిదప స్క్రిప్టు దిగి, తెరపై ఉన్న కాంపోనెంట్లను గుర్తించి, వాటికి ప్రాణం పోయును. బొత్తాం నొక్కితే పని జరుగుట, అంకె మారుట అప్పటి నుండి సాధ్యమగును. ఇంగ్లీషులో దీనిని హైడ్రేషన్ అందురు, అనగా తడుపుట. ఎండిన విత్తనానికి తడి తగిలి మొలకెత్తుట మెట్ట పొలాల వారికి వివరింపనక్కరలేదు. ఒక్కటి గమనింపుడు: తడి తగలక ముందు కూడ విత్తనం విత్తనమే. స్క్రిప్టు రాక ముందు కూడ పుట పుటగానే ఉండవలెను.

విద్యార్థులు ఇక్కడ చేసే సాధారణమైన తప్పు ఒకటి ఉన్నది. కాంపోనెంటు స్క్రిప్టులో షాడో డామ్‌ను కొత్తగా నిర్మించమని అలవాటు చొప్పున వ్రాయుదురు. సర్వరు పంపిన షాడో డామ్ అప్పటికే అక్కడ ఉన్నచో, ఆ ఆజ్ఞ దానిలోని పాఠాన్ని తుడిచివేసి ఖాళీగా అప్పగించును. పాఠకుడు చదువుచుండగానే వాక్యం మాయమై మళ్లీ వచ్చును. ముందు 'ఇది వరకే ఉన్నదా?' అని అడిగి, లేనపుడు మాత్రమే నిర్మించవలెను. వంట అయిన పాత్రను కడిగి మళ్లీ వండుట వృథా శ్రమ.

మార్పు వచ్చినపుడు

ఉదయం ఆరు గంటలకు శ్రీశైలం మట్టం 878 అడుగులు అనుకొందము. ఏడు గంటలకు అది 879 అయినది. పాఠకుడు పుటను తెరిచియే ఉంచినాడు. ఆ ఒక్క అంకెను మార్చుటకు మూడు మార్గాలు ఉన్నవి.

మొదటి మార్గంలో సర్వరు కేవలం '879' అన్న విలువను పంపును. స్క్రిప్టు దానిని కాంపోనెంటు గుణంగా మార్చును. గుణం మారినదని కాంపోనెంటుకు తెలియును, అది తన లోపలి అంకెను దిద్దుకొనును. చిన్న మార్పులకు ఇది తగినది. అయితే పెట్టెను ఎట్లు వ్రాయవలెనో సర్వరుకును తెలియవలెను, బ్రౌజరుకును తెలియవలెను. రెండుచోట్ల ఉన్న నియమాలు కాలక్రమాన వేరుపడే ప్రమాదం ఉన్నది.

రెండవ మార్గంలో సర్వరు మారిన పెట్టెను పూర్తిగా వ్రాసి హెచ్.టి.ఎం.ఎల్. తునకగా పంపును. బ్రౌజరు పాత పెట్టెను తీసి కొత్తదానిని ఉంచును. వ్రాయువాడు ఒక్కడే, సర్వరు. 2020లో వెలువడిన హాట్‌వైర్, హెచ్.టి.ఎం.ఎక్స్. అనే సాధనాలు ఈ మార్గాన్ని ప్రచారంలోకి తెచ్చెను. హాట్‌వైర్‌లోని టర్బో ఫ్రేమ్ స్వయంగా ఒక వెబ్ కాంపోనెంటు. దాని లోపల ఉన్న లింకును నొక్కితే, సర్వరు నుండి వచ్చిన పుటలో అదే గుర్తు గల భాగాన్ని మాత్రం ఏరుకొని తన స్థానంలో నింపుకొనును. స్క్రిప్టు నడవని ఫోనులో అదే లింకు మామూలు లింకుగా పని చేసి పూర్తి పుటను తెరుచును. మార్గం నెమ్మదించును గాని మూసుకొనిపోదు.

మూడవ మార్గం సర్వరు తానే కబురు పంపుట. బ్రౌజరు ఒకసారి సంబంధం ఏర్పరచుకొని వేచి ఉండును. మార్పు కలిగినపుడల్లా సర్వరు ఒక సందేశం పంపును. సంబంధం తెగినచో బ్రౌజరు తనంతట తాను మళ్లీ ప్రయత్నించును. మాటిమాటికి 'మారినదా, మారినదా' అని అడుగు శ్రమ తప్పును. ఆ సందేశంలో విలువ ఉండవచ్చును, వ్రాసిన తునక ఉండవచ్చును.

రెండవ, మూడవ మార్గాలలో ఒక సూక్ష్మం ఉన్నది. పుట మొదట దిగునపుడు బ్రౌజరు షాడోరూట్‌మోడ్ గుణాన్ని గౌరవించును. కాని తరువాత వచ్చిన తునకను 'ఇన్నర్ హెచ్.టి.ఎం.ఎల్.' అనే పాత పద్ధతిలో చేర్చినచో దానిని గౌరవించదు. టెంప్లేటు మూసగానే మిగిలిపోవును, తెరపై ఏమియు కనిపించదు. 2024 నాటికి బ్రౌజర్లలో చేరిన 'సెట్ హెచ్.టి.ఎం.ఎల్. అన్‌సేఫ్' అనే ఆజ్ఞ ఈ పనిని సరిగా చేయును. పేరులోనే హెచ్చరిక ఉన్నది. ఎవరో వ్రాసిన పాఠాన్ని శుద్ధి చేయకుండా దీనితో చేర్చినచో, అందులో దాగిన దుష్ట స్క్రిప్టు కూడ పుటలో ప్రవేశించును. మన సర్వరు తానే వ్రాసి, పాఠకులు పంపిన మాటలను హానిరహితంగా మార్చి పంపినప్పుడే దీనిని వాడవలెను.

మరొక ధర్మం చూపు లేని పాఠకుల పట్ల ఉన్నది. అంకె నిశ్శబ్దంగా మారినచో వారికి తెలియదు. మారే భాగానికి 'ఏరియా-లైవ్' అనే గుణం చేర్చినచో, చదివి వినిపించే యంత్రం ఆ మార్పును పలికి చెప్పును. ఒక్క గుణం, ఒక్క పదం. దానిని వ్రాయకపోవుటకు కారణం బద్ధకమే.

తెలుగు, ఉర్దూ పక్కపక్కన

ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2022 మార్చిలో ఉర్దూను రాష్ట్రమంతటికిని రెండవ అధికార భాషగా గుర్తిస్తూ బిల్లు ఆమోదించినది. కర్నూలు, కడప పట్టణాలలో ఒకే వీధిలో రెండు లిపుల పలకలు కనిపించును. కనుక మన పుట రెండు భాషలలోను ఉండుట న్యాయం.

యూటీఎఫ్-8 అనే సంకేత పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు, ఉర్దూ అక్షరం రెండు బైట్లు పట్టును. 'కర్నూలు' అన్న మాటలో క, ర, పొల్లు, న, ఊకారం, ల, ఉకారం అని ఏడు సంకేతాలు, అనగా 21 బైట్లు. 'కడప' తొమ్మిది బైట్లు. ఉర్దూలో 'కర్నూల్' అయిదు అక్షరాలు, పది బైట్లు. వెయ్యి సంకేతాల తెలుగు పట్టిక కూడ మూడు వేల బైట్లకు మించదు. పుట భారమంతయు మన అక్షరాల వల్ల కలుగుతున్నదను మాట నిలువదు. భారం స్క్రిప్టులది, చిత్రాలది, ఫాంటులది.

తెలుగు ఎడమ నుండి కుడికి, ఉర్దూ కుడి నుండి ఎడమకు సాగును. అయినను ఉర్దూ వాక్యం నడుమ వచ్చే 885 అన్న సంఖ్య ఎడమ నుండి కుడికే చదువబడును. ఈ చిక్కును యూనికోడ్ ద్విదిశా నియమాలు పరిష్కరించును. కాని పుట వ్రాయువాడు ప్రతి భాగానికి భాష ఏదో, దిశ ఏదో గుణాలుగా చెప్పవలెను. కాంపోనెంటు టాగుకు దిశ చెప్పినచో అది షాడో డామ్ లోపలికి కూడ వారసత్వంగా అందును. సర్వరు ఈ గుణాలను ముందే వ్రాసి పంపినచో, ఉర్దూ పెట్టె మొదట ఎడమకు కనిపించి క్షణం తరువాత కుడికి దూకే వికారం ఉండదు.

కళ్లెదుట ఉన్న నిదర్శనము

ఈ సూత్రానికి మన రెండు భాషలలోను పెద్ద నిదర్శనం వికీపీడియా. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చేతుల మీదుగా ప్రారంభమయినది. ఉర్దూ వికీపీడియా 2004లో మొదలయినది. రెండింటి వెనుక ఉన్నది మీడియావికీ అనే ఒకే సాఫ్టువేరు. అది వ్యాసాన్ని సర్వరులోనే హెచ్.టి.ఎం.ఎల్.గా వ్రాసి పంపును. స్క్రిప్టు నడవని బ్రౌజరులో కూడ వ్యాసం చదువుకొనవచ్చును. స్క్రిప్టు నడిచినచో దిద్దుబాటు పరికరాలు, వెదుకులాట సూచనలు వంటి సౌకర్యాలు పైన చేరును. ఇందు వెబ్ కాంపోనెంట్లు లేకపోవచ్చును గాని, 'ముందు పాఠం, పిదప సౌకర్యం' అన్న క్రమం స్పష్టంగా ఉన్నది. కాంపోనెంట్లతో కట్టిన పుటకును ఇదే క్రమం వర్తించును.

పరిమితులు

సర్వరులో వ్రాయుట అన్ని రోగాలకు మందు కాదు. ఒక్కసారిగా వేలమంది పుట అడిగినచో ప్రతివారికి కొత్తగా వ్రాయుట సర్వరుకు భారం. దీనికి ఉపాయం ఒకసారి వ్రాసిన పుటను కొద్ది సేపు దాచి అందరికీ అదే పంపుట. గంటకొకసారి మారే నీటిమట్టానికి ఒక్క నిమిషం దాచినను నష్టం లేదు. అయితే కొలిచిన సమయం పుటలో తప్పక ఉండవలెను. పాత అంకెను కొత్తదిగా చూపుట అంకె చూపకపోవుట కంటె అపాయకరం.

ప్రతి కాంపోనెంటులోను అదే శైలి నియమాలను మళ్లీ మళ్లీ వ్రాసినచో పుట బరువెక్కును. ప్రయాణంలో కుదించి పంపుట వల్ల ఈ దోషం చాలావరకు తగ్గును. ఇక చిత్రలేఖనం, ఆటలు, సిగ్నలు లేనపుడు కూడ నడవవలసిన పనిముట్లు బ్రౌజరులోనే పని చేయుట సమంజసం. ఎక్కడ ఏది తగునో తెలిసి చేయుటయే విద్య.

అభ్యాసము

ఈ పాఠం చదివినవారు మూడు పనులు చేసి చూడవలెను. మొదట, మీరు తరచు చూసే ఒక పుటను తెరచి, బ్రౌజరు అమరికలలో జావాస్క్రిప్టును ఆపి, తిరిగి తెరవండి. ఏమి మిగిలినదో వ్రాసుకొనండి. రెండవది, 'పేజ్ సోర్స్' చూడండి. మీరు తెరపై చదివిన ముఖ్య వాక్యం అందులో ఉన్నదా? లేనిచో అది సర్వరు వ్రాసినది కాదు. మూడవది, 'నీటి-మట్టం' కాంపోనెంటును స్వయంగా వ్రాయండి. ముందు స్క్రిప్టు లేకుండా చదువుకొనగల రూపం, తరువాత షాడోరూట్‌మోడ్‌తో గోడ, చివర అంకెను మార్చే స్క్రిప్టు. ఈ వరుస తప్పవద్దు. పరీక్షించుటకు ప్రయోగశాలలోని మంచి కంప్యూటరు గాక, ఇంటిలో మూలన పడి ఉన్న పాత ఫోనును తీయండి.

కళాశాల పెద్దలకు ఒక విన్నపం. మన ప్రకటనలు నదీమట్టాలంత ప్రాణాంతకమైనవి కాకపోవచ్చును. కాని పరీక్ష ఫీజుకు చివరి తేది, ఉపకార వేతనానికి దరఖాస్తు గడువు, ప్రవేశాల జాబితా ఒక విద్యార్థి సంవత్సరాన్ని నిలబెట్టగలవు, పడగొట్టగలవు. ఇంటిలో మొదటిసారి కళాశాల మెట్టు ఎక్కిన అమ్మాయి, అన్నగారి పాత ఫోనులో ఆ పుట తెరుచును. తిరిగే చక్రాన్ని చూసి, తన ఫోనుదే లోపమనియో, తనకే చేతకాలేదనియో అనుకొని మూసివేయును. లోపం ఆమెది కాదు. పుట వ్రాసినవారిది.

ప్రకటన పలకపై కాగితం అంటించునపుడు అది అందరి కంటికి అందునట్లు అంటించుట మనకు అలవాటే. వెబ్ పుటకు కావలసినది ఆ అలవాటే. తేది, గడువు, జాబితా సర్వరు వ్రాసియే పంపవలెను, రెండు భాషలలోను పంపవలెను. అంకె మారుట, పెట్టె తెరుచుకొనుట వంటి కదలికలు తరువాత వచ్చి చేరవచ్చును. చదవవలసినది ముందు రావలెను. కదలవలసినది తరువాత రావచ్చును.